మూకాభినయానికి మూకతో

నా మేనకోడలి ట్రంకు పెట్టె మీద నేను కూర్చున్నాను. పెట్టె వంగిపోతుందేమోనని అది పక్కనే నిలబడి నా వంక అనుమానంగా చూస్తోంది. వాళ్లమ్మ, అంటే మా చెల్లి, హాస్టల్ గది తాళంచెవి ఇచ్చే వరసలో ఉంది. ఆ వరస కదిలే తీరు చూస్తే పిల్ల చదువు పూర్తయ్యి పట్టా చేతికొచ్చే రోజుకి తాళంచెవి కూడా కలిపి ఇచ్చేలా ఉన్నారు.

యూనివర్సిటీ మొదటి రోజు. వరండా పొడవునా బల్లలు వేసి, బల్లకో అట్ట కట్టారు. బృందగానం, నాటకం, చిత్రలేఖనం, మట్టి పని, ఫొటోలు, నాట్యం. ఒక్కో బల్ల వెనక నలుగురేసి సీనియర్లు కూరగాయలమ్మినట్టు పిలుస్తున్నారు. ఒక మూల ఎవడో డోలు వాయిస్తున్నాడు. ఇంకో మూల ఎవరో ఈల పాట. పక్కవాడి మాట పక్కవాడికి వినబడటం లేదు.

"మామయ్యా, వీటిలో ఏదో ఒకదాంట్లో చేరాలట. నువ్వేమంటావ్?" అంది మేనకోడలు నా చెవి దగ్గరకొచ్చి.

"భోజనాల సంఘం ఉందేమో చూడు."

"అది లేదు."

"మరింకేం చదువులే ఇవి."

"నిన్నడిగాను చూడు, నన్ననాలి," అని అట్టలన్నీ మళ్లీ చదవడం మొదలుపెట్టింది. "ఇదేదో కొత్తగా ఉందే. మూకాభినయం. కింద మైమ్ అని రాశారు."

నేను నవ్విన నవ్వుకి పెట్టె మూత కిర్రుమంది.

"దేనికి మామయ్యా ఆ నవ్వు?"

"ఆ కింద రాసిన ముక్క మా రోజుల్లో రాయలేదే పిల్లా. రాసుంటే మీ అమ్మ కథ వేరేగా ఉండేది."

"అమ్మ కథా? అమ్మ ఇక్కడ స్టేజీ ఎక్కిందా? నాకెప్పుడూ చెప్పలేదే."

"మీ అమ్మ చెప్పే ఉంటుంది. నీకు వినబడి ఉండదు."

అది మూతి ముడిచి పెట్టె మీద నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. వరస ఎలాగూ కదలదు. చెప్పడం మొదలుపెట్టాను. దానికి చెప్పిందే మీకూ చెప్తున్నాను.

మా నాన్నకు పిండి మర ఉండేది. కింద మర, పైన మేం. పొద్దున్న బెల్టు తగిలించాడంటే సాయంత్రం దాకా ఇల్లంతా గడగడలాడేది. మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెడితే దానంతటదే నడుచుకుంటూ అంచుకి వెళ్లేది. అలాంటి ఇంట్లో మాట్లాడాలంటే అరవాలి. నాన్న అరిచేవాడు, అమ్మ అంతకంటే పెద్దగా అరిచేది, వాళ్లిద్దరినీ మించి నేను. ఇప్పటికీ నేను ఫోన్లో మాట్లాడుతుంటే మా ఆవిడ, "ఫోను దేనికండీ, కిటికీ తెరిస్తే చాలుగా," అంటుంది.

మా చెల్లి మాత్రం అరవలేదు. మరతో పోటీ పడి గెలవలేమని చిన్నప్పుడే తేల్చుకుందో ఏమో, నోరు మూసుకుని చేతులతో మాట్లాడటం మొదలుపెట్టింది. చెవి తమ్మె పట్టుకుంటే అబద్ధం చెప్పకు అని. అరచేయి చెంపకి రుద్దుకుంటే టీ అయింది రమ్మని. నెత్తి మీద వేలు గిర్రున తిప్పితే అమ్మకి కోపంగా ఉంది, ఇటు రావద్దని. రెండు వేళ్లు అరచేతి మీద నడిపిస్తే వెళ్లిపోతున్నానని. గొంతు చించుకునే పని లేదు కదా అని మెల్లగా మేమందరం ఆ భాష నేర్చుకున్నాం. పిండికొచ్చే వాళ్లు కూడా నేర్చుకున్నారు. గుమ్మంలో నిలబడి బొటనవేలు మిగతా వేళ్లకి రుద్ది కనుబొమలెగరేస్తే, పిండి అయిందా అని. నాన్న అరచేయి దొన్నెలా పట్టి దాన్ని రెండోచేత్తో తట్టి చూపిస్తే, ఇంకా తొట్టిలోనే ఉంది, ఆగు అని.

"మా ఇంట్లో కూడా అమ్మ చెవి పట్టుకుంటుందిగా," అంది మేనకోడలు ఆశ్చర్యపోతూ. "అది అమ్మకి అలవాటనుకున్నా."

"అలవాటు కాదే, అది మీ అమ్మ మాతృభాష."

సాయంత్రం మర ఆపేముందు నాన్న పిడికిలి గాల్లోకెత్తి మెల్లమెల్లగా బిగించేవాడు. ఆపుతున్నా అని మాకు గుర్తు. బెల్టు జారేది. రాళ్లు నిదానంగా ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగేవి. అప్పుడొచ్చే నిశ్శబ్దం మర ఉన్న ఇంట్లో పెరిగిన వాళ్లకే తెలుస్తుంది. కాసేపు చెవుల్లో గుయ్యిమంటుంది. తర్వాత చిన్న చిన్న చప్పుళ్లు ఒక్కొక్కటే బయటికొస్తాయి. కుళాయి కారడం, పిచ్చుక, పక్కింట్లో ఎవరో మంచం లాగడం. ఆ తర్వాత మా చెల్లి గొంతు. రోజంతటికీ దాని గొంతు మాకు వినబడేది అప్పుడే. చెప్పాల్సినవన్నీ దాచుకునేది అనుకుంటాను. మొట్టమొదట మాత్రం రోజూ ఒకటే మాట. పిండి కొట్టుకుపోయి ఉన్న నన్ను చూసి, "అన్నయ్యా, చేతులు కడుక్కో," అనేది. నేను కడుక్కునేవాణ్ని కాదు. కడుక్కోని ఆ పిండి చేతులతోనే దాని జడకి ఓ పట్టు పట్టి తెల్ల జడ చేసి పారిపోయేవాణ్ని.

చదువు సంగతికొస్తే, పదో తరగతి నన్ను వద్దనుకుంది, నేనూ దాన్ని బలవంతపెట్టలేదు. ఇదే యూనివర్సిటీ మెస్సులో పనికి చేరాను. ఉల్లిపాయలు తరగడం, బంగాళాదుంపలు చెక్కు తీయడం, గుమ్మం దగ్గర నల్లబల్ల మీద ఆ పూట వంటలేమిటో రాయడం. ఆ మూడో పని నాకెవరిచ్చారో గానీ, తర్వాత చాలా బాధపడ్డారు. "ఈ పూట కూర: నిన్నటి కూరకి చెల్లెలు" అని రాసేవాణ్ని. "సూపు: ఈత వచ్చినవారు మాత్రమే" అని రాసిన రోజు వార్డెను నన్ను పిలిపించాడు. తిట్టడానికే పిలిచాడు గానీ, నవ్వు ఆపుకోలేక పంపేశాడు.

నేను చేరిన కొన్నాళ్లకి మా చెల్లికి ఇక్కడే చరిత్ర క్లాసులో సీటొచ్చింది. మా ఇంట్లో యూనివర్సిటీ గేటు లోపలికి పుస్తకం పట్టుకుని వచ్చిన మొదటి మనిషి అది. గేటు లోపలికి వచ్చిన మొదటి మనిషిని నేనే, కాకపోతే నా చేతిలో కత్తిపీట ఉండేది.

ఆ రోజులు తల్చుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఉల్లిపాయల గది. దాని కిటికీ సరిగ్గా ఇక్కడి కళల హాలు వెనక వసారాలోకి తెరుచుకునేది. సాయంత్రమైతే చాలు, ఒక గదిలో వయొలిను, ఒక గదిలో బృందగానం, మేడ మీద గజ్జెల చప్పుడు. అవన్నీ కలిసి కిటికీలోంచి వచ్చి ఉల్లి ఘాటులో కలిసేవి. మా కళ్లల్లో నీళ్లు దేనికో ఎవరికీ తెలిసేది కాదు. కొన్నాళ్లకి మా పెద్ద వంటవాడు బృందగానం వాళ్ల పాటకి గరిటె తిప్పడం అలవాటు చేసుకున్నాడు. వాళ్లు పాట ఆపి మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంటే ఈయన గరిటె కూడా ఆగి వెనక్కి తిరిగేది. ఆయన్ని మేం పెద్ద గరిటె అనేవాళ్లం, ఎదురుగానే.

కళల వాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు మా గుమ్మం తొక్కాల్సిందే. మట్టి పని పిల్లలు నీళ్లకి వచ్చేవాళ్లు. నాటకం వాళ్లు రాజుగారి గడ్డానికి జనపనార అడిగేవాళ్లు. బొమ్మలు గీసేవాళ్లు ఓసారి మంచి గుమ్మడికాయని గీసుకుని ఇస్తామని పట్టుకెళ్లారు. ఎన్నాళ్లు గీశారో, అది తిరిగొచ్చేసరికి మా తాతయ్య మొహంలా ఉంది. బొమ్మ మాత్రం నిగనిగలాడుతోంది. పెద్ద గరిటె రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "కాయ మీరుంచుకోండి బాబూ, ఆ బొమ్మ ఇటివ్వండి, కూరలో వేస్తా," అన్నాడు.

మా చెల్లి కూడా సాయంత్రాలు మా దగ్గరికే వచ్చేది. ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని కిటికీలోంచి ఆ హాలు వైపు చూస్తూ ఉండేది. మొదట్లో బాగానే ఉంది. తర్వాత తర్వాత మొహం పీక్కుపోవడం మొదలైంది. సంగతేమిటంటే, వాళ్ల చరిత్ర మాస్టారు క్లాసులో ఒక్కొక్కరినీ లేపి పాఠం చదివించేవాడు. మా చెల్లి వంతు రాగానే, "వినబడలేదు," అనేవాడు. మళ్లీ చదివేది. "వినబడలేదమ్మా." మళ్లీ. మూడోసారికి క్లాసంతా చెవుల వెనక చేతులు పెట్టుకుని వినేవాళ్లు. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే ఆ మాట ఆయన నోట్లోనే పుట్టినట్టుండేది. ఆయనకి వినబడలేదు మాస్టారు అని పేరు పెట్టింది నేనే. అది కూడా ఆయనకి వినబడలేదు.

ఓ సాయంత్రం చెల్లి వచ్చి బస్తా మీద కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి రెండు వేళ్లు అరచేతి మీద నడిపించింది.

"ఎక్కడికి?" అన్నాను.

"ఇంటికి. మర దగ్గరికి. ఇక్కడ నా వల్ల కాదన్నయ్యా."

"మాస్టారు ఏమన్నా అన్నాడా?"

"ఆయన రోజూ అనేది ఎలాగూ ఉంది. ఇప్పుడింకోటి వచ్చింది. మొదటి సంవత్సరం వాళ్లందరూ కళల రోజున స్టేజీ ఎక్కి ఏదో ఒకటి చెయ్యాలట. చెయ్యకపోతే పైక్లాసుకి పంపరట. పాడమంటారు, మాట్లాడమంటారు, పద్యం చదవమంటారు. నాకు గొంతెక్కడిది?"

నేను ఇంకో ఉల్లిపాయ తీసుకుని తరగడం మొదలుపెట్టాను. ఓదార్చడం రాని మనిషి నేనని దానికి అర్థమై ఉంటుంది, పాపం, నన్నే ఓదార్చినట్టు మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి మొహం కాస్త వెలుగుతోంది.

"అన్నయ్యా, నోటీసుబోర్డు మొత్తం చదివాను. ఒకటి దొరికింది. మూకాభినయం. మూక అంటే జనమే కదా?"

"జనమే. ఇంకేం మూక?"

"అంటే స్టేజీ మీద గుంపుగా నిలబడి అభినయించడం. ఆ గుంపులో నేను ఎవరి వెనకైనా నిలబడతా. నన్నెవరూ చూడరు, ఏమీ అడగరు. ఎక్కినట్టూ ఉంటుంది, ఎక్కనట్టూ ఉంటుంది."

ఎందుకైనా మంచిదని పెద్ద గరిటెని అడిగాం. ఆయన రోజూ పేపరు చదివే మనిషి. చెయ్యి తుడుచుకుని ఆలోచించి, "మూకంటే మూకే. అల్లరి మూక అని రోజూ రాస్తారుగా. లాఠీచార్జీ చేసేది కూడా దాని మీదే," అన్నాడు. ఇంక అనుమానం ఏముంది. చెల్లి వెళ్లి పేరిచ్చేసింది.

కళల ఆఫీసు గుమాస్తా మా దగ్గర టీ తాగడానికొచ్చినప్పుడు ఆ సంగతి ఆరా తీశాను. "మూకాభినయానికి మీ చెల్లి ఒక్కతే పేరిచ్చిందయ్యా," అన్నాడు. ఒక్క మనిషి మూక ఎలా అవుతుంది? గుంపు లేకపోతే పిల్ల ఎవరి వెనక నిలబడాలి?

"మూక లేకపోతే తెచ్చుకుందాం," అన్నాను చెల్లితో.

"ఎక్కణ్నుంచి?"

"ఇక్కణ్నుంచే. ఇదేమన్నా చిన్న మూకా?"

అలా మెస్సులో మూక తయారైంది. నాయకుడు పెద్ద గరిటె. గిన్నెలు కడిగేవాళ్లు, బ్రెడ్డు వ్యాను డ్రైవరు, తాడిచెట్టంత పొడుగున్న తోటమాలి, నేను. సరుకుల గదిలో తలుపేసుకుని సాధన చేశాం. మూకంటే దేని మీదో తిరగబడాలి కదా, దేని మీద అని పెద్ద చర్చ జరిగింది.

"కూరలో ఉప్పు లేదని తిరగబడదాం," అన్నాడు వ్యాను డ్రైవరు.

"నా కూర మీద నేనే తిరగబడాలా?" అన్నాడు పెద్ద గరిటె.

"నాయకుడివి కదా, ముందు నువ్వే ఉండాలి."

"అయితే ఉప్పెక్కువైందని తిరగబడండి. తక్కువైందంటే ఊరుకోను."

చివరికి నీళ్లు రావడం లేదని తిరగబడటానికి ఒప్పందం కుదిరింది. "నీళ్లు కావాలి, నీళ్లు కావాలి" అని అరుస్తూ నేను ఒక చివర, డ్రైవరు ఇంకో చివర పిడికిళ్లు ఊపుతాం. చెల్లి స్థానం వెనక వరసలో, తోటమాలి వీపు చాటున, చేతిలో చీపురు. సాధన జరుగుతుంటే అది నవ్వేది. దాని నవ్వుకి చప్పుడు ఉండదు, భుజాలు ఊగుతాయి. చాలా రోజుల తర్వాత ఆ భుజాలు ఊగడం చూశాను.

కళల రోజు వచ్చింది. హాలు నిండిపోయింది. మడత కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు, కిటికీల్లో కూర్చున్నారు. కార్యక్రమం నడిపించేది కళ్లజోడుకి గొలుసు కట్టుకున్న ఒక మేడం. ఆవిడ మూకాభినయం అని, మా చెల్లి పేరు పిలవగానే, గరిటెలూ చీపుర్లూ పట్టుకుని మేమంతా బిలబిలమంటూ స్టేజీ ఎక్కేశాం. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. పర్వాలేదు, బాగానే ఉందనుకున్నాను.

మేడం కళ్లజోడు ఎత్తి పెట్టుకుంది. "ఎవరు మీరంతా?"

"మూకండీ," అన్నాడు పెద్ద గరిటె వినయంగా.

"ఏం మూక?"

"మూకాభినయం అన్నారు కదండీ. అమ్మాయి ఒక్కతే ఉందని మేం వచ్చాం. మూకకి తక్కువ లేకుండా చూసుకున్నాం."

"నినాదాలు కూడా నేర్చుకొచ్చాం మేడం," అన్నాడు డ్రైవరు.

ఆవిడ కాసేపు మా మొహాలూ, మా గరిటెలూ చూసింది. నవ్వు వచ్చినట్టే ఉంది గానీ మింగేసింది. "ఆ మూక వేరు, ఈ మూక వేరు బాబూ. ఇందులో మూక అంటే మూగ. నోరు విప్పకుండా ఒక్కరే అభినయించాలి. మీరందరూ కిందికి దిగండి. ఆ అమ్మాయి మాత్రం ఉండాలి."

పప్పులో కాలేశామని అప్పుడు తెలిసింది. కాలొకటే కాదు, మొత్తం మెస్సు మెస్సే దిగిపోయింది.

మూక ఒక్కొక్కరుగా మెట్లు దిగింది. తోటమాలి చివర్న దిగాడు. ఆయన వీపు పక్కకి తప్పుకునేసరికి, చీపురు పట్టుకుని మా చెల్లి ఒక్కతే ఆ స్టేజీ మీద మిగిలిపోయింది. అంత పెద్ద హాలూ దాన్నే చూస్తోంది. ఈలలు, నవ్వులు, కుర్చీల చప్పుళ్లు. చిట్టచివరి వరసలో వినబడలేదు మాస్టారు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

చెల్లి నా వైపు చూసింది. చీపురు చంకలో పెట్టుకుని రెండు వేళ్లు అరచేతి మీద నడిపించింది. ఇంటికి.

నేను స్టేజీ కింద నిలబడి ఉన్నాను. ఏం చెప్పినా ఆ గోలలో వినబడదు. అరిచి లాభం లేనప్పుడు మా ఇంట్లో ఏం చేస్తామో అదే చేశాను. ఆలోచించి చేసింది కాదు, చేతులు వాటంతటవే లేచాయి. పిండికొచ్చిన మనిషిలా బొటనవేలు మిగతా వేళ్లకి రుద్ది కనుబొమలెగరేశాను. పిండి అయిందా?

చెల్లి అరచేయి దొన్నెలా పట్టి రెండోచేత్తో తట్టింది. తొట్టిలో ఉంది, ఆగు.

నేను ఆగలేదు. ఆగని గిరాకీ ఎలా ఉంటాడో నాకు తెలియదా. చేతికి గడియారం ఉన్నట్టు చూపించాను, పక్కవాళ్లకి సైగ చేసి చెల్లి మీద ఫిర్యాదు చెప్పాను, మళ్లీ పిండి అయిందా అన్నాను. దానికి ఒళ్లు మండింది. చీపురు కింద పడేసి, నడుం బిగించి, లేని బస్తాని లేపింది. ఎంత బరువో దాని మోకాళ్లు చెప్పాయి. తొట్టిలో పోసింది. బెల్టు తగిలించింది. అంతే, మర తిరిగింది. దాని ఒళ్లంతా సన్నగా అదురుతోంది. పాదాల కింద స్టేజీ కూడా అదురుతున్నట్టుంది. గ్లాసు బల్ల అంచుకి నడుచుకుంటూ పోతుంటే దాన్ని కళ్లతోనే వెంబడించి చివరి క్షణంలో పట్టుకుంది. ముక్కులోకి పిండి పోయి ఒక తుమ్ము. చప్పుడు లేని తుమ్ము. ముందు వరసలో ఎవరో కర్చీఫ్ తీసి మొహం తుడుచుకున్నారు.

తర్వాత అది నాన్నయింది. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఆఁ, ఆఁ అని తలూపుతూ ఏమీ వినకుండానే అన్నీ ఒప్పుకునే నాన్న. తర్వాత అమ్మయింది, మేడ మీంచి ఆయన్ని తిట్టే అమ్మ. ఆయన ఆఁ అంటే ఆవిడకి కోపం పెరిగేది. ఇద్దరూ అదే. అటు తిరిగితే ఆయన, ఇటు తిరిగితే ఆవిడ. హాలు కడుపు పట్టుకుంది. ఆ తర్వాత అది నేనయింది. పిల్లిలా నడుస్తూ ఒక పెద్దమనిషి వెనక చేరి, పిండి పడిన ఆయన వీపు మీద వేలితో ఏదో రాసి, ఆయన ఇటు తిరిగేసరికి ఏమీ తెలియనట్టు బస్తా మూతి ముడేస్తూ చప్పుడు లేని ఈల వేస్తున్నాను. మా మెస్సు మూక మొత్తం ఒక్కసారి తిరిగి నన్ను చూసింది. పెద్ద గరిటె తన చొక్కా వీపు తడిమి చూసుకున్నాడు. నన్ను నేను బయటినుంచి చూసుకోవడం అదే మొదటిసారి. కొట్టాలనిపించింది గానీ, బాగున్నాను.

చివరికి చెల్లి స్టేజీ మధ్యకి వచ్చి పిడికిలి గాల్లోకెత్తింది. మెల్లమెల్లగా బిగించింది. దాని ఒంట్లో అదురు కాళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి పైకి ఆగుతూ వచ్చింది. బెల్టు జారింది. రాళ్లు ఇంకో రెండు చుట్లు తిరిగాయి. ఆగాయి.

హాలు కూడా ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, దగ్గలేదు. నా చెవుల్లో గుయ్యిమంది. తర్వాత పైన ఫ్యాను కిర్రుమనడం వినబడింది. కిటికీలో కూర్చున్న వాడి చెప్పు జారి కింద పడటం వినబడింది. ఆ తర్వాత, ఇంట్లో రోజూ వినబడినట్టే, మా చెల్లి గొంతు.

"అన్నయ్యా, చేతులు కడుక్కో."

అది కావాలని అన్న మాట కాదు. మర ఆగాక అనడం దానికి అంత అలవాటు. అనేసి, నోరు చేత్తో మూసుకుంది.

మేడం లేచి నిలబడింది. "మూకాభినయంలో మాట్లాడకూడదమ్మా. బహుమతి ఇవ్వడానికి లేదు," అంది. ఆ మాట చెప్పడం ఆవిడకే ఇష్టం లేనట్టుంది.

అప్పుడు చిట్టచివరి వరసలోంచి ఒక కుర్చీ జరిగింది. మాస్టారు లేచాడు. అందరూ అటు తిరిగారు.

"వినబడింది," అన్నాడు.

అంతే అని కూర్చున్నాడు. చప్పట్లకి హాలు కప్పు లేచిపోయింది. మేడం చప్పట్లన్నీ ఆగేదాకా కాచుకుని, "బహుమతి లేదన్నాను గానీ, స్టేజీ ఎక్కినట్టు కాదనలేదు. పైక్లాసుకి వెళ్లొచ్చు," అంది.

ఆ సాయంత్రం చెల్లి ఉల్లిపాయల గదికి వచ్చింది. నేను పని ఆపకుండానే రెండు వేళ్లు బల్ల మీద నడిపించి, వెళ్తున్నావా అన్నట్టు చూశాను. అది చెవి తమ్మె పట్టుకుంది. అబద్ధం చెప్పకు, నేనెప్పుడన్నాను అలా? బస్తా మీద కూర్చుని, కత్తిపీట లాక్కుని, నాతో పాటు ఉల్లిపాయలు తరిగింది. ఇద్దరికీ కళ్లల్లో నీళ్లు. ఉల్లిపాయలు బాగా ఘాటైనవి ఆ రోజు.

మర్నాడు నల్లబల్ల మీద "ఈ పూట కూర: మూక వండినది. చేతులు కడుక్కుని రండి" అని రాశాను.

తర్వాత క్లాసులో మా చెల్లి చదివేటప్పుడు మాస్టారు కిటికీలు మూయించేవాడట. గొంతు పెంచమని మాత్రం మళ్లీ అడగలేదట. అది ఇక్కడున్నన్నాళ్లూ ప్రతి కళల రోజుకీ స్టేజీ ఎక్కింది. కిటికీలోంచి చూస్తే, వసారాలో ఒక్కతే నిలబడి లేని తలుపులు తీస్తూ, లేని నిచ్చెన్లు ఎక్కుతూ కనబడేది. మిగతా గదుల్లోంచి పాటలు వచ్చేవి. దాని దగ్గర్నుంచి ఏ చప్పుడూ వచ్చేది కాదు. అయినా పెద్ద గరిటె గరిటె ఆపేసి దాన్నే చూసేవాడు. చాలా కూరలు అలా మాడాయి.

ఆ మెస్సు ఇప్పుడు లేదు. ఆ చోట కంప్యూటర్ల గది కట్టారు. ఉల్లిపాయల గది కిటికీ ఒక్కటి ఎందుకో అలాగే ఉంచారు. ఇందాక వస్తూ చూశాను, అద్దం వేసేశారు. మా మర కూడా అమ్మేశాం. అక్కడ ఇప్పుడు కళ్లజోళ్ల షాపు ఉంది. ఓసారి లోపలికెళ్లి నిలబడ్డాను. ఎంత నిశ్శబ్దమంటే, ఎవరైనా చేతులు కడుక్కోమంటారేమోనని చూశాను. షాపు కుర్రాడు ఏం కావాలని అడిగాడు. చెవులు పరీక్ష చేస్తారా అన్నాను.

"మామయ్యా," అంది మేనకోడలు. "ఇందులో నిజమెంత?"

"ముప్పాతిక."

"ఏ పావు అబద్ధం?"

"అది చెప్తే మిగతాది కూడా నమ్మవు."

అది లేచింది. డోలు వాడిని దాటుకుని, ఈల పాటని దాటుకుని, మూకాభినయం బల్ల దగ్గరికి వెళ్లింది. అక్కడి అమ్మాయి ఏదో అడిగింది. ఇది ఏదో చెప్పి వేలితో నా వైపు చూపించింది. ఆ అమ్మాయి నన్ను చూసి పడీ పడీ నవ్వింది.

"ఏం చెప్పావే దానికి?" అన్నాను తిరిగొచ్చాక.

"ఒక్కదాన్నే వచ్చావా అనడిగింది. లేదు, మూక కూడా వచ్చింది, పెట్టె మీద కూర్చుంది అన్నాను."

అంతలో వరండా ఆ చివర, వరసలోంచి మా చెల్లి మమ్మల్ని చూసింది. కూతురు బల్ల దగ్గర్నుంచి రావడం చూసినట్టుంది. ఇంత గోలలో అరిచే పని పెట్టుకోకుండా, అట్టల వైపు చూపించి చెయ్యి తిప్పింది. ఎందులో చేరావ్?

మేనకోడలు పిడికిలి గాల్లోకెత్తింది. నేను చెప్పినట్టే, మెల్లమెల్లగా బిగించింది. మొదటిసారి కదా, కాస్త తొందరగా ఆపేసింది మరని.

మా చెల్లి అలాగే నిలబడిపోయింది. దాని ముందు వరస కదిలింది. మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది. అయినా కదల్లేదు. వెనకావిడ, "ముందుకెళ్లండమ్మా," అనడం ఆవిడ నోరు చూస్తే తెలిసింది. చెల్లి ఒక అడుగు వేసి, మళ్లీ ఇటు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. తర్వాత నా వైపు చూసి, ఇంతసేపూ నేను ఏం చెప్పి ఉంటానో ఊహించినట్టే ఉంది, చెవి తమ్మె పట్టుకుంది.